గెలాక్సీల పటం ఎలా గీస్తారు? గోదావరి జిల్లాల పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

కోనసీమ, భీమవరం, కాకినాడ వైపు డిగ్రీ విద్యార్థులు, సైన్స్ టీచర్లు, ఇంట్లో చిన్న టెలిస్కోపు ఉన్నవాళ్ళు ఈ విషయం మీద ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. లెక్కలు పదో తరగతి స్థాయి దాటవు. చివర్లో, డేటా దించుకుని సొంతంగా పటం గీసే పద్ధతి కూడా ఉంది. అది చేసి చూస్తేనే మిగతాదంతా ఒంటబడుతుంది.

గెలాక్సీల పటం అంటే పెద్ద ఫొటోయేనా?

కాదు. అది ఒక పట్టిక. అడంగల్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, పంట వరసగా రాసినట్టు, ఇందులో ఒక్కో గెలాక్సీకి ఒక్కో వరస ఉంటుంది. అందులో ముఖ్యమైన అంకెలు మూడు. ఆకాశంలో తూర్పు పడమరగా ఎక్కడుందో చెప్పేది ఆర్ఏ, ఉత్తర దక్షిణంగా ఎక్కడుందో చెప్పేది డెక్, ఎంత దూరమో తేల్చడానికి పనికొచ్చేది రెడ్‌షిఫ్ట్. మన పాఠ్యపుస్తకాల్లో దీన్నే అరుణ విస్థాపం అంటారు.

మొదటి రెండూ ఫొటోలోంచి వచ్చేస్తాయి. హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీ 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఒక అంతర్జాతీయ ఆకాశ పటం పనిలో పాల్గొని, గాజు పలకల మీద తీసిన ఫొటోల నుంచి 4,60,000కు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది. అది గొప్ప పని. కానీ అందులో ఉన్నవి దిక్కులు మాత్రమే, దూరాలు లేవు. గెలాక్సీ సర్వేల్లో శ్రమంతా ఆ మూడో అంకె కోసమే.

ఆ పటంలో గెలాక్సీలు ఎలా పరుచుకుని ఉంటాయి?

రాత్రి పూట డెల్టాను పైనుంచి చూస్తున్నారనుకోండి. దీపాలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. కాలవ గట్ల వెంట, రోడ్ల వెంట వరసగా ఉంటాయి. దారులు కలిసే చోట ఊరు గుమిగూడి ఉంటుంది. మధ్యలో చేలు చీకటి. గెలాక్సీలూ అంతే. సన్నటి పోగుల వెంట వరసగా ఉంటాయి, పోగులు ముడిపడే చోట వందలు, వేలుగా గుచ్ఛాలు కడతాయి, మధ్యలో కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పున దాదాపు ఏమీ ఉండదు. ఆ ఖాళీలను శూన్యాలంటారు. విశ్వంలో ఎక్కువ చోటు వాటిదే.

పోలికను ఇంతకంటే లాగితే తప్పవుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలి నీళ్ళు పాయల్లోకి పోతాయి. విశ్వంలో నడక దీనికి ఎదురు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి గోదాట్లో కలిసినట్టు, పదార్థం పోగుల వెంట జారి గుచ్ఛంలో పడుతుంది. లాగేది గురుత్వాకర్షణ. అందులో ఎక్కువ వంతు కంటికి కనిపించని డార్క్ మ్యాటర్‌ది, అది మామూలు పదార్థానికి దాదాపు ఐదు రెట్లు. పుట్టిన తొలి రోజుల్లో విశ్వంలో ఉన్న హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు మాత్రమే. ఆ కొంచెం తేడాయే 1,380 కోట్ల ఏళ్ళలో ఇంత వలగా పెరిగింది.

దూరం ఎలా తెలుస్తుంది? టేపు పెట్టి కొలవలేం కదా?

గెలాక్సీ వెలుగును స్పెక్ట్రోగ్రాఫ్‌తో విడదీస్తే వర్ణపటం వస్తుంది. అందులో కొన్ని మూలకాలు కచ్చితమైన చోట్ల గీతలు వేస్తాయి. హైడ్రోజన్ ఎరుపు గీత ల్యాబులో 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. విశ్వం విస్తరిస్తున్నందువల్ల దూరపు గెలాక్సీలో అదే గీత ఎరుపు వైపు జరిగి కనిపిస్తుంది.

కోమా గుచ్ఛంలో ఒక గెలాక్సీ తీసుకుందాం. ఆ గీత 671.4 దగ్గర దొరికింది. జరిగింది 15.1. దాన్ని 656.3తో భాగిస్తే 0.023. ఇదే రెడ్‌షిఫ్ట్, దీన్ని జెడ్ అక్షరంతో రాస్తారు. కాంతి వేగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లు. దాన్ని 0.023తో గుణిస్తే సెకనుకు 6,900 కిలోమీటర్లు. హబుల్ స్థిరాంకం, అంటే ఒక్కో మెగాపార్సెక్ దూరానికి విస్తరణ వేగం సెకనుకు ఎన్ని కిలోమీటర్లు పెరుగుతుందో చెప్పే అంకె, 70 అనుకుని భాగిస్తే సుమారు 98.6 మెగాపార్సెక్కులు. ఒక మెగాపార్సెక్ అంటే 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. మొత్తం దూరం దాదాపు 32 కోట్ల కాంతి సంవత్సరాలు.

ఒక్క గీతను నమ్మి సంతకం పెట్టకూడదు. కనీసం రెండు మూడు గీతలు ఒకే జెడ్ దగ్గర కుదరాలి. ముసలి గెలాక్సీల్లో హైడ్రోజన్ గీత మెరవదు. వాటిలో 393.4, 396.8 దగ్గర కాల్షియం వేసే రెండు నల్ల గీతలు, 400 దగ్గర మెట్టులా తగ్గే వెలుగు చూసుకుంటారు.

ఈ సూత్రం అన్ని దూరాలకూ పనిచేస్తుందా?

లేదు. జెడ్ 0.1 దగ్గర తేడా రెండు మూడు శాతమే కాబట్టి సర్దుకోవచ్చు. జెడ్ 1 దగ్గర ఇదే సూత్రం సుమారు 1,400 కోట్ల కాంతి సంవత్సరాలు చూపిస్తుంది, విస్తరణ చరిత్రను లెక్కలోకి తీసుకుంటే వచ్చేది సుమారు 1,100 కోట్లు. బాగా దగ్గర వాటికీ పనికిరాదు. ప్రతి గెలాక్సీకీ పొరుగువాటి లాగుడు వల్ల సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల సొంత కదలిక ఉంటుంది. మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడా మన వైపే వస్తోంది, దాని జెడ్ రుణసంఖ్య. ఈ సూత్రంలో పెడితే దూరం సున్నా కంటే తక్కువ వస్తుంది! అందుకే పటం గీసేటప్పుడు జెడ్ 0.01 లోపలివి తీసేయడం మంచిది.

ఒక్కో గెలాక్సీకి వర్ణపటం తీయడం అంత కష్టమా?

ఒకప్పుడు చాలా కష్టం. 1980లలో హార్వర్డ్-స్మిత్సోనియన్ కేంద్రం వాళ్ళు అరిజోనాలో 1.5 మీటర్ల టెలిస్కోపుతో ఒక్కో గెలాక్సీ వైపు తిప్పుకుంటూ ఒక్కోటిగా కొలిచారు. వాలెరీ ద లపారాన్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా 1986లో ప్రచురించిన పటంలో ఉన్నవి సుమారు 1,100 గెలాక్సీలే. అంతకు ముందు చాలామంది గెలాక్సీలు దాదాపు సమంగా చల్లినట్టు ఉంటాయనుకునేవారు. ఆ చిన్న పటంలో సబ్బు నురగ బుడగల్లా ఖాళీలు, వాటి గోడల మీద గెలాక్సీలు కనిపించాయి. మధ్యలో కర్రమనిషి బొమ్మలా ఒక ఆకారం. దాని మొండెం కోమా గుచ్ఛం.

తర్వాత వచ్చింది ఫైబర్ పద్ధతి, ఒక్కో గెలాక్సీ వెలుగును ఒక్కో సన్నటి గాజు తీగ గుండా స్పెక్ట్రోగ్రాఫ్‌కు చేర్చడం. ఆస్ట్రేలియాలో 3.9 మీటర్ల టెలిస్కోపు మీద టూడీఎఫ్ సర్వే ఒకేసారి 400 ఫైబర్లు వాడి 2002కల్లా 2,20,000కు పైగా గెలాక్సీల రెడ్‌షిఫ్టులు తీసింది. న్యూమెక్సికోలో స్లోన్ సర్వే 2.5 మీటర్ల టెలిస్కోపుతో 640 ఫైబర్లు వాడింది, తర్వాత వాటిని 1,000కి పెంచింది. దాని పని తీరు దగ్గరగా చూడదగ్గది. దాదాపు 80 సెంటీమీటర్ల వ్యాసం, మూడు మిల్లీమీటర్ల పైచిలుకు మందం ఉన్న అల్యూమినియం పలక తీసుకునేవారు. ఆ రోజు చూడబోయే గెలాక్సీలు ఎక్కడెక్కడ ఉంటాయో లెక్కగట్టి అక్కడల్లా రంధ్రం వేసేవారు. పగటిపూట మనుషులు కూర్చుని ఒక్కో రంధ్రంలో ఒక్కో ఫైబర్ చేత్తో గుచ్చేవారు. రాత్రి ఆ పలకను టెలిస్కోపు కింద బిగించేవారు. ఆకాశంలో ఒక్కో ప్రాంతానికి ఒక్కో పలక. అలాంటివి వేలు చేశారు.

ఇప్పుడు ఆ చేతిపని రోబోలది. అరిజోనాలో కిట్‌పీక్ కొండ మీద 4 మీటర్ల మేయాల్ టెలిస్కోపుకు బిగించిన డార్క్ ఎనర్జీ స్పెక్ట్రోస్కోపిక్ ఇన్‌స్ట్రుమెంట్‌లో, పొట్టిగా డెసీలో, 5,000 చిన్న రోబోలున్నాయి. ఒక్కోదాని కొనలో ఒక ఫైబర్. పక్కపక్క రోబోల మధ్య దూరం 10.4 మిల్లీమీటర్లు, ఒక్కోటి తిరగగలిగే వలయం వ్యాసం 12 మిల్లీమీటర్లు. అంటే పక్కవాడి వలయంలోకి చెయ్యి వెళ్తుంది, ఒకదానికొకటి తగలకుండా దారి ముందే లెక్కగట్టాలి. ఫైబర్ గుండె మందం 107 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వెంట్రుక కంటే కొంచెం లావు. రోబోలు తిరిగాక ఫైబర్ల వెనక నుంచి దీపం వేసి, వెలిగిన కొనలను కెమెరాతో ఫొటో తీసి, తేడా ఉన్నచోట మళ్ళీ సర్దుతారు. గురి 10 మైక్రాన్లలోపు కుదరాలి. ఇదంతా రెండు మూడు నిమిషాల పని. తర్వాత ఆకాశం బాగుంటే పదిహేను ఇరవై నిమిషాలు వెలుగు పడుతుంది, బాగోలేకపోతే ఇంకా ఎక్కువసేపు. వెలుగు ఫైబర్ల గుండా వేరే గదిలో ఉన్న పది స్పెక్ట్రోగ్రాఫులకు చేరుతుంది.

డెసీ సర్వే 2021 మేలో మొదలైంది. 2025 మార్చిలో అందరికీ తెరిచిన మొదటి విడత డేటాలో 1.87 కోట్ల వస్తువులున్నాయి. వాటిలో సుమారు 1.31 కోట్లు గెలాక్సీలు, 16 లక్షలు క్వేజార్లు (విపరీతంగా వెలిగే దూరపు గెలాక్సీ కేంద్రాలు), 40 లక్షలు మన పాలపుంతలోని నక్షత్రాలు.

5,000 ఫైబర్లూ గెలాక్సీల మీదే పెడతారా?

పెట్టరు. కనీసం 400 ఫైబర్లు ఏమీ లేని ఆకాశం మీద, ఇంకో 100 వెలుగు ముందే తెలిసిన నక్షత్రాల మీద పెడతారు. చీకటి రాత్రిలోనూ గాలి పైపొరలు సొంతంగా వెలుగుతాయి. ఆ వెలుగు మసక గెలాక్సీ కంటే ఎక్కువ. చేపల్ని తూచే ముందు ఖాళీ తట్ట బరువు తీసేసినట్టు ముందు ఆకాశం వెలుగు తీసేయాలి. తట్ట తూకం కొంచెం తప్పినా చేప తూకం మొత్తం తప్పుతుంది, ఎందుకంటే ఇక్కడ చేప కంటే తట్టే బరువు. ఎరుపు చివర, 700 నానోమీటర్లు దాటాక ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. అక్కడ ఆకాశపు గీతలు దట్టంగా ఉంటాయి, సరిగ్గా తీయకపోతే మిగిలిన ముక్క గెలాక్సీ గీతలా నటిస్తుంది.

వర్ణపటంలో ఒక్క గీతే కనిపిస్తే ఏం చేస్తారు?

దూరపు గెలాక్సీలకు ఇది రోజూ వచ్చే చిక్కు. జెడ్ 1.5 దగ్గర హైడ్రోజన్ ఎరుపు గీత డెసీ చూడగలిగే 980 నానోమీటర్ల హద్దు దాటిపోతుంది. మిగిలేది 372.7 దగ్గరి ఆక్సిజన్ గీత, అది 932 దగ్గరకు జరుగుతుంది. అయితే అది నిజానికి జంట గీత, 372.6, 372.9 దగ్గర పక్కపక్కన రెండు. స్పెక్ట్రోగ్రాఫ్ ఆ రెండింటినీ విడదీయగలిగితే చాలు, ఇంకో గీత సాక్ష్యం అక్కర్లేదు. అలా జంటగా కనిపించేది అదేనని తేలిపోతుంది. డెసీ స్పెక్ట్రోగ్రాఫులను దీన్ని దృష్టిలో పెట్టుకునే అంత పదునుగా కట్టారు.

పటంలో ఖాళీ కనిపిస్తే అక్కడ నిజంగా గెలాక్సీలు లేనట్టేనా?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

అంతర్వేది లైట్‌హౌస్ ఎక్కి రాత్రి కనిపించిన దీపాలన్నీ కాగితం మీద చుక్కలుగా పెట్టారనుకోండి. ఒకచోట చీకటి. అక్కడ నది ఉండవచ్చు, నిజంగానే ఇళ్ళు లేవు. కొబ్బరితోట అడ్డం ఉండవచ్చు, ఇళ్ళున్నా కనిపించవు. లేదా ఆ ఊళ్ళో ఆ గంటలో కరెంటు పోయి ఉండవచ్చు. దూరంగా ఉన్న ఊళ్ళలో పెద్ద దీపాలే కనిపిస్తాయి, చిన్న బల్బులు అందవు. కాగితం మీద నాలుగూ ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తేల్చకుండా జనాభా లెక్క రాస్తే అది తప్పుడు లెక్క.

గెలాక్సీ సర్వేలోనూ ఈ నాలుగూ ఉన్నాయి. నిజమైన శూన్యం మొదటిది. 1981లో బూటీస్ రాశిలో దొరికిన శూన్యం సుమారు 33 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పుంది, అక్కడ కొన్ని పదుల గెలాక్సీలే తేలాయి. రెండోది అడ్డం. మన పాలపుంత ధూళి ఆకాశంలో ఒక పట్టీని కప్పేస్తుంది, దాదాపు ప్రతి సర్వే పటమూ రెండు విసనకర్రల్లా విడిపోయి కనిపించేది అందుకే. బాగా వెలిగే నక్షత్రం కూడా తన చుట్టూ ఒక వలయాన్ని చెరిపేస్తుంది. మూడోది ఆ రాత్రి తప్పిదం, మబ్బు పట్టడం, రోబో కదలకపోవడం, వర్ణపటం చాలనంత మసకగా రావడం. నాలుగోది దూరం. స్లోన్ ప్రధాన సర్వే 17.77 మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) కంటే మసకైనవి తీసుకోలేదు. కాబట్టి దూరం వెళ్ళేకొద్దీ పెద్ద గెలాక్సీలే మిగిలి పటం పలచబడుతుంది. విశ్వం అక్కడ పలచగా ఉందని కాదు.

ఇంకోటి స్లోన్ ఫైబర్ల వల్ల వచ్చింది. ఫైబర్ కొన తొడుగు మందం వల్ల ఒకే పలక మీద 55 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) కంటే దగ్గరగా రెండు పెట్టలేకపోయేవారు. జెడ్ 0.1 దగ్గర అది మూడు లక్షల పైచిలుకు కాంతి సంవత్సరాలు. దీనివల్ల సుమారు 6 శాతం గెలాక్సీలు తప్పిపోయాయి. ఆరు శాతమే కదా అనుకోవద్దు. అవి ఎక్కడపడితే అక్కడ తప్పిపోలేదు. గెలాక్సీలు కిక్కిరిసిన గుచ్ఛాల్లోనే తప్పిపోయాయి, అంటే మనకు బాగా కావలసిన చోట. అందుకే తప్పిపోయినదాని బరువును పక్కనున్న గెలాక్సీకి కలిపి లెక్కవేస్తారు. డెసీ ఒకే ప్రాంతాన్ని పలుసార్లు చూసేది కూడా కొంత ఇందుకే.

మరి ఇవన్నీ ఎలా వేరు చేస్తారు?

యాదృచ్ఛిక పట్టిక అనే ఉపాయంతో. ఎలాంటి పోగులూ గుచ్ఛాలూ లేని ఉత్తుత్తి విశ్వాన్ని కంప్యూటర్‌లో చల్లుతారు. తర్వాత సర్వేలో జరిగిన అడ్డంకులన్నీ దానికీ పెడతారు, ధూళి ఉన్నచోట తగ్గించి, మబ్బు పట్టినచోట తగ్గించి, దూరం వెళ్ళేకొద్దీ పలచన చేసి. కొబ్బరితోట ఎక్కడుందో తెలిస్తే ఉత్తుత్తి ఊరికీ అక్కడే తోట పెట్టడం అన్నమాట. ఇప్పుడు రెండిట్లోనూ చీకటిగా ఉన్నచోటు అడ్డంకి. అసలు దాంట్లోనే చీకటిగా ఉన్నచోటు నిజమైన ఖాళీ.

అంకెల్లో చెప్పాలంటే, ఒక దూరం ఎంచుకుని ఆ ఎడంలో ఉన్న జతలు లెక్కపెడతారు. అసలు గెలాక్సీల మధ్య జతలు డీడీ, అసలుకీ ఉత్తుత్తికీ మధ్య డీఆర్, ఉత్తుత్తి వాటి మధ్య ఆర్ఆర్. జతల సంఖ్యలు సమం చేశాక, డీడీలోంచి రెండు డీఆర్‌లు తీసి, ఒక ఆర్ఆర్ కలిపి, మొత్తాన్ని ఆర్ఆర్‌తో భాగిస్తారు. లాండీ, సలాయ్ అనే ఇద్దరు 1993లో ఇచ్చిన సూత్రమిది, ఇప్పటికీ వాడుకలో ఉంది. ఉత్తుత్తి చుక్కలు అసలు వాటికంటే కనీసం పది రెట్లు ఉండాలి, లేకపోతే వాటి సొంత గోలే కనిపిస్తుంది. 1,000 గెలాక్సీలకే 4,99,500 జతలొస్తాయి. పది లక్షలకైతే దాదాపు 50,000 కోట్లు.

పటం గీయడంలో సగం పని గెలాక్సీలు చూడటమైతే మిగతా సగం మనం ఎక్కడ చూడలేదో నిజాయితీగా రాసుకోవడం. ఆ రెండో సగం లేని పటాన్ని చూసి శూన్యం దొరికిందని ఎవరైనా అంటే నమ్మకండి.

వర్ణపటం లేకుండా ఫొటోలతోనే దూరం చెప్పలేరా?

చెప్పవచ్చు, చూపు అంచనాగా. రొయ్యల్ని చేతిలోకి తీసుకుని కిలోకి ఎన్ని కౌంటో చెప్పేవాళ్ళున్నారు, కాటా ఉంది. రెండూ కావాలి. ఫొటోలో నాలుగైదు రంగుల్లో వెలుగు కొలిచి జెడ్ అంచనా వేస్తారు. మంచి అంచనాలో కూడా తేడా 0.02ను ఒకటి కలిపిన జెడ్‌తో గుణించినంత ఉంటుంది. జెడ్ 0.5 దగ్గర అది 0.03, దూరంలో దాదాపు 30 కోట్ల కాంతి సంవత్సరాల తేడా. ఒక పోగు మందం కోటి కాంతి సంవత్సరాల స్థాయిలో ఉంటుంది, కాబట్టి పోగులన్నీ అలుక్కుపోతాయి.

అయినా ఈ పద్ధతి వదులుకోరు, ఎందుకంటే సంఖ్య పెద్దది. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ 8.4 మీటర్ల అద్దంతో, 3.2 గిగాపిక్సెళ్ళ కెమెరాతో పదేళ్ళపాటు దక్షిణాకాశాన్ని పదేపదే ఫొటో తీసేలా కట్టినది. 2025 జూన్‌లో మొదటి చిత్రాలు వచ్చాయి. 2023 జూలై 1న ఎగిరిన యూరప్ అంతరిక్ష టెలిస్కోపు యూక్లిడ్ అద్దం 1.2 మీటర్లే, కానీ గాలి అడ్డం లేదు కాబట్టి గెలాక్సీల ఆకారాలు పదునుగా వస్తాయి.

కొన్ని పటాల్లో గెలాక్సీలు మన వైపు వేలు చూపిస్తున్నట్టు పొడుగ్గా ఉంటాయి. భూమికేమైనా ప్రత్యేకతా?

ఏమీ లేదు. అది దూరానికి బదులు రెడ్‌షిఫ్ట్ వాడటం వల్ల వచ్చిన సాగుడు. గుచ్ఛం లోపల గెలాక్సీలు సెకనుకు వెయ్యి కిలోమీటర్ల స్థాయిలో అటూ ఇటూ పరుగెడతాయి. మన వైపు వచ్చేది దగ్గరున్నట్టు, అవతలికి పోయేది దూరంగా ఉన్నట్టు లెక్కలో పడుతుంది. వేగాల్లో తేడా 3,000 కిలోమీటర్లయితే పటంలో 14 కోట్ల కాంతి సంవత్సరాల పొడుగు వేలు తయారవుతుంది. అసలు గుచ్ఛం అందులో చిన్న ముక్క. పెద్ద స్థాయిలో దీనికి ఎదురు జరుగుతుంది. పదార్థం లోపలికి జారుతున్న గోడలు మన చూపు దిక్కులో నొక్కినట్టు పలచగా కనిపిస్తాయి. ఆ నొక్కుడు ఎంతో కొలిస్తే గురుత్వాకర్షణ ఎంత బలంగా లాగుతోందో తెలుస్తుంది. చెరిపేయాల్సిన తప్పులా కనిపించినదే కొలతబద్దగా పనికొచ్చింది.

ఇంత శ్రమా దేనికి? పటం చూసి ఏం తెలుసుకుంటారు?

ముఖ్యంగా విస్తరణ చరిత్ర. విశ్వానికి 3,80,000 ఏళ్ళు వచ్చేదాకా వేడి పదార్థంలో శబ్ద తరంగాలు పరుగెత్తాయి, తర్వాత ఆగిపోయాయి. ఆగిన చోట పదార్థం కొంచెం చిక్కబడింది. చెరువులో రాయి వేస్తే లేచిన వలయం ఉన్నట్టుండి గడ్డకట్టినట్టు ఊహించుకోండి. ఆ వలయం ఇప్పటి కొలతలో సుమారు 49 కోట్ల కాంతి సంవత్సరాలు. అందుకే అంత ఎడంలో ఉన్న గెలాక్సీ జతలు మామూలుకంటే ఒక శాతం స్థాయిలో ఎక్కువ దొరుకుతాయి. ఒక శాతాన్ని నమ్మకంగా పట్టాలంటే లక్షల గెలాక్సీలు కావాలి. 2005లో స్లోన్ వాళ్ళు 46,748 గెలాక్సీలతో, అదే ఏడు టూడీఎఫ్ వాళ్ళు విడిగా, ఈ గుర్తును పట్టారు.

ఆ వలయం కొలత తెలుసు కాబట్టి వేర్వేరు దూరాల్లో అదెంత కోణంలో కనిపిస్తుందో చూస్తే ఏ కాలంలో విశ్వం ఎంత వేగంగా విస్తరించిందో వస్తుంది. 2024, 2025లలో వచ్చిన డెసీ ఫలితాలు, విస్తరణ వేగాన్ని పెంచుతోందనుకునే డార్క్ ఎనర్జీ బలం కాలంతోపాటు మారుతూ ఉండవచ్చని సూచించాయి. కలిపి చూసే సూపర్‌నోవా (పేలే నక్షత్రాల) డేటాను బట్టి ఆ సూచన బలం 2.8 నుంచి 4.2 సిగ్మాలు. సిగ్మాలు ఎక్కువైతే అది కాకతాళీయమయ్యే అవకాశం తక్కువ. కనుగొన్నామని చెప్పడానికి 5 కావాలి. కాబట్టి ఇప్పటికి సూచనే.

సరస్వతి అనే మహాగుచ్ఛం (గుచ్ఛాల గుంపు) మనవాళ్ళు కనుగొన్నదేనా?

అవును. పుణేలోని అయుకా, ఐసర్ సంస్థలకు చెందిన శాస్త్రవేత్తల బృందం 2017లో ప్రకటించింది. మీనరాశి దిక్కులో, సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, 60 కోట్ల కాంతి సంవత్సరాల పరిధిలో 43 గుచ్ఛాలు. వాడింది స్లోన్ సర్వే అందరికీ తెరిచిన డేటా. విద్యార్థులు గమనించాల్సింది ఆ చివరి మాటే.

అన్నిటికంటే పెద్ద నిర్మాణం ఏది?

2003లో ప్రకటించిన స్లోన్ మహాకుడ్యం, అంటే గెలాక్సీల మహాగోడ, పొడవు సుమారు 137 కోట్ల కాంతి సంవత్సరాలు. అయితే అదంతా ఒకే ముడిగా గురుత్వంతో కట్టుబడిన వస్తువు కాదు. పక్కపక్కన పడిన ముక్కల వరస. దీనికంటే పెద్దవని చెప్పేవాటిలో చాలావరకు కొద్దిపాటి చుక్కల మధ్య గీత గీసి చెప్పినవే. సగటు తీస్తే 30 కోట్ల కాంతి సంవత్సరాల పెట్టె దాటాక ఒక చోటుకీ ఇంకో చోటుకీ తేడా బాగా తగ్గిపోతుంది.

మన డెల్టా నుంచి ఇందులో ఏదైనా కంటితో చూడవచ్చా?

పోగులు కనిపించవు, ముడులు కనిపిస్తాయి. మనకు దగ్గరి పెద్ద ముడి కన్యారాశి గుచ్ఛం, దాదాపు 5.4 కోట్ల కాంతి సంవత్సరాలు. అమలాపురం అక్షాంశం 16.6 డిగ్రీలు, ఆ గుచ్ఛం డెక్ 12 డిగ్రీల పైన. కాబట్టి ఏప్రిల్ మధ్యలో రాత్రి 11 గంటలకు అది దాదాపు నడినెత్తి మీద ఉంటుంది. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది కనుక, మనకు గడియారం టైముకీ ఆకాశం టైముకీ తేడా ఒకటి రెండు నిమిషాలే.

ఆరు నుంచి ఎనిమిది అంగుళాల టెలిస్కోపుతో అమావాస్య దగ్గర ఆ గుచ్ఛంలోని ఎం87, ఎం84, ఎం86 గెలాక్సీలు మసక మరకల్లా దొరుకుతాయి. డాబ్సోనియన్ స్టాండు (నేల మీద కూర్చునే, పక్కలకూ పైకీ తిరిగే పెట్టె లాంటిది) ఉంటే నడినెత్తి దగ్గర గొట్టం తిప్పడం కుదరదు, గంటన్నర ముందో తర్వాతో చూడండి. నవంబరు మధ్యలో తుపాను మబ్బులు లేకపోతే రాత్రి 9 దాటాక ఆండ్రోమెడా ఉత్తరం వైపు ఎత్తుగా ఉంటుంది. చీకటి చోట వట్టి కంటికే అందుతుంది.

రొయ్యల చెరువుల లైట్లు, దాళ్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టే పొగ, చలికాలం మంచు, మన దగ్గర ఇబ్బందులివి. గొట్టం మూతి ముందు, దాని వ్యాసానికి ఒకటిన్నర రెట్ల పొడుగున నల్ల అట్ట చుట్టితే మంచు ఆలస్యంగా పడుతుంది. పడ్డాక అద్దాన్ని గుడ్డతో తుడవద్దు. సముద్రపు ఉప్పు, దుమ్ము కలిసి గీతలు పెడతాయి. ఫ్యాన్ గాలికి వదిలేయండి.

పెద్ద టెలిస్కోపు మన తీరంలో ఎందుకు పెట్టరు?

సముద్రమట్టం, తేమ, జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులు. ఎరుపు చివర గీతలను గాలిలోని నీటి ఆవిరి మింగేస్తుంది. మన దేశంలో 2 మీటర్ల చంద్ర టెలిస్కోపును లడఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున పెట్టింది అందుకే.

ఇంట్లో కంప్యూటర్‌తో నేనే పటం గీయవచ్చా?

తప్పకుండా. స్లోన్ సర్వే స్కైసర్వర్ వెబ్‌సైట్ ఉచితం. ఎస్‌క్యూఎల్ సెర్చ్ పేజీకి వెళ్ళి స్పెక్ఆబ్జ్ పట్టిక నుంచి ఆర్ఏ, డెక్, జెడ్ అడగండి. షరతులు నాలుగు: క్లాస్ గెలాక్సీ కావాలి, జెడ్‌వార్నింగ్ సున్నా కావాలి (ఆ జెడ్ మీద అనుమానం లేదని గుర్తు), జెడ్ 0.01కీ 0.05కీ మధ్య ఉండాలి, ఆర్ఏ 120 నుంచి 255, డెక్ 26.5 నుంచి 32.5 ఉండాలి. ఇది దాదాపు 1986 నాటి ముక్కే. సీఎస్‌వీగా దించుకోండి.

ఎక్సెల్‌లో రెండు కొత్త కాలమ్‌లు చేయండి. మొదట ఆర్ఏని 3.14159తో గుణించి 180తో భాగించండి, ఎందుకంటే ఎక్సెల్ కోణాన్ని డిగ్రీల్లో తీసుకోదు. అడ్డం విలువ జెడ్ ఇంటూ ఆ కోణపు కాస్, నిలువు విలువ జెడ్ ఇంటూ ఆ కోణపు సైన్. స్కాటర్ చార్ట్ పెట్టి చుక్క సైజు బాగా చిన్నది చేయండి, రెండు అక్షాల కొలత సమానంగా ఉంచండి. ఆర్ఏ 195 దిక్కులో, జెడ్ 0.023 చుట్టూ, సున్నా వైపు చూపించే వేలు కనిపించాలి. అది కోమా. అది కనిపిస్తే మీ పటం సరైనదే.

నా పటం సరిగ్గా రాలేదు. ఎక్కడ తప్పు?

చుక్కలు గిరగిరా చుట్టుకుని అర్థంలేని గుండ్రాలుగా వస్తే, డిగ్రీలు మార్చడం మరిచిపోయారు.

నడిమధ్య ఒక ముద్ద ఉంటే నక్షత్రాలు చేరాయి, వాటి జెడ్ దాదాపు సున్నా. క్లాస్, జెడ్ షరతులు రెండూ చూడండి.

ఒకే గెలాక్సీ రెండు మూడుసార్లు వస్తే, మీరు తీసుకున్నది స్పెక్ఆబ్జ్‌ఆల్. అందులో మళ్ళీ మళ్ళీ తీసిన వర్ణపటాలన్నీ ఉంటాయి.

పోగులు లేకుండా అంతా పొగలా ఉంటే ముక్క మందం ఎక్కువైంది. డెక్‌లో 6 డిగ్రీలంటే జెడ్ 0.025 దగ్గర సుమారు 3.7 కోట్ల కాంతి సంవత్సరాలు. 30 డిగ్రీలు తీసుకుంటే 18 కోట్లు దాటుతుంది, ఒక పోగు మీద ఇంకోటి పడిపోతుంది.

మధ్యనుంచి బయటికి కత్తితో కోసినట్టు తిన్నటి అంచుతో ఖాళీ ఉంటే అది శూన్యం కాదు, సర్వే చూడని చోటు. నిజమైన శూన్యానికి అంచు గుండ్రంగా, చిందరవందరగా ఉంటుంది, లోపల ఒకటో రెండో చుక్కలు మిగిలి ఉంటాయి. అనుమానంగా ఉంటే అదే ఆర్ఏ, డెక్‌లో జెడ్ హద్దును 0.15 దాకా పెంచి మళ్ళీ అడగండి. వెనకాల కూడా ఒక్క చుక్క లేకపోతే అక్కడ ఎవరూ ఫైబర్ పెట్టలేదన్నమాట.